చీనీ అంటు పాఠం

"జేజినాయనా, రేపు నేను డిగ్రీ పిల్లోళ్లకు మొదటి క్లాసు చెప్పాల. మా గైడు సారు వెనక బెంచీలో కూచుంటాడంట. నీ మొదటి క్లాసుకు నీకు భయం కాలేదా?"

కాకుండా ఎట్లుంటాదిమ్మే! ఏందీ, ఫోన్లో రికార్డు చేస్తాండావా? చేసుకో, మీ నాయన కూడా ఇననీ.

నేనప్పుడు పీహెచ్‌డీ చేస్తాంటి. మనింట్లో అంతా గొర్లు మేపినోళ్లే గదా, కాలేజీ గడప తొక్కింది నేనొక్కన్నే. ప్రొద్దుటూరు కాలేజీలో బాటనీ క్లాసు చెప్పమని మా గైడు పిలుచుకోని పోయినాడు. మీ అవ్వ ఉతికిన చొక్కా ఏసుకోని... కాదు కాదు, అప్పటికి నాకు పెండ్లి యాడిది, మా యక్క ఉతికింది. మా గైడు మంచోడే, కాకుంటే ఎదురు చెప్తే మాత్రం అంతే సంగతులు. నా పట్టా అంతా ఆయన సంతకం మింద ఉండె. పాఠమంటే అప్పుడు ఏముంది, ఆయన పాత నోట్సు నేను సదవాల, పిల్లోళ్లు రాసుకోవాల. నేనూ అట్లనే నేర్చుకుంటి.

ఆ పొద్దు చీనీ చెట్ల పాఠం, పుస్తకాల్లో బత్తాయి అంటారే, అవి. "అంటు కట్టిన చోటు మన్నులో మునుగునట్లు నాటవలెను" అని సదివితి. యాభై మంది వంచిన తల ఎత్తకుండా రాస్తాండారు. పులివెందుల కాడనుంచి వచ్చే పాప, లచ్చుమిదేవి అని, లేచి నిలబడింది. "సార్, అంటు పూడిస్తే మొదలు కుళ్లి చెట్టు సస్తాది. మా తోటలో జానెడు పైకే పెడతాం" అనింది.

ఆ పాప చెప్పిందే నిజం. చీనీ తోటల పక్కన గొర్లు మేపినోన్ని, నాకు తెల్దా? కాగితంలో ఉండాదని నోరు సదివేసింది, అంతే.

వెనక బెంచీ తట్టు చూస్తి. గైడు సారు చేతులు కట్టుకోని నన్నే చూస్తాండాడు. నోట్సు తప్పంటే ఆయన తప్పన్నట్టే గదా. "కూచోమ్మా, చెప్పింది రాసుకో" అంటి. ఆ పాప కూచునింది. సిగ్గయిందిమ్మే నాకు, శానా సిగ్గయింది. ఇప్పుడు చెప్తాంటే కూడా అవుతాంది.

ఇంగ ముందుకు సదవలేకపోతి. అచ్చరాలు కండ్లకు ఆనలా. కాగితాలు బల్ల మింద పెట్టి, "ఆ పాప చెప్పిందే సరి. ఈడుండేది తప్పు, కొట్టేయండి" అంటి.

గైడు సారు లేచి బయటికి పోయినాడు. సెప్పుల సప్పుడు వరండా కొసదాకా ఇనపడింది. ఆ సంతకానికి రెండేండ్లు తిప్పినాడులే నన్ను, ఆ కత ఇప్పుడెందుకు.

ఇంత చేస్తినా, జమ్మలమడుగు పిల్లోడు ఒకడు ఏమడిగినాడో తెల్సా? "సార్, మరి పరీచ్చకు ఏది రాయాల?" అన్యాడు. ఒక్కరూ కొట్టేయలా! ఒళ్లు మండిపాయ. మళ్లా అనుకుంటి, వాళ్లనేమనేది, నేనూ అట్ల సదివొచ్చినోన్నే గదా.

లచ్చుమిదేవి కాడికి పోయి నోట్సు చూస్తి. పాఠమంతా ముత్యాల మాదిరి రాసుకోనుంది. ఆడ మాత్రం రెండు గీట్లు ఖాళీ. "రాయలేదేమ్మా?" అంటి.

"మీరు సరిగ్గా చెప్తారేమోనని ఇడిచినా సార్" అనింది.

రేపు వెనక బెంచీ తట్టు చూడాకు తల్లీ. పిల్లోళ్ల నోట్సులు చూడు. అట్ల ఖాళీ ఇడిచే పిల్ల నీకూ ఒకతి దొరకాల, అదే నా దీవెన.