హనుమన్న ఉప్పుమూట

పప్పులో ఉప్పు తక్కువైందా? తక్కువ కాదు నాయనా, అసలు ఎయ్యలా. ఆ గిన్నెలో ఉండాది చూడు, నీకెంత కావల్లనో అంత కలుపుకో. మీ అమ్మ అంటాది, ముసల్దానికి మతిమరుపొచ్చెనని. మతిమరుపూ కాదు ఏమీ కాదు. ఏబైనాలుగో సంవత్సరం నుంచి ఇంటికొచ్చినోళ్ల పప్పులో నేను ఉప్పు ఎయ్యను. ఒక తూరి ఏసినదానికే ఊరంతా నన్ను గవర్నమెంటును పడగొట్టినదానా అనె. ఎందుకు నవ్వుతావు? హనుమన్న సంగతి మీ నాయన చెప్పలేదా? వానికేం తెలుసులే, అప్పటికి వాడు పుట్టనేలేదు.

అప్పుడు మన కర్నూలు రాజధాని. ఔను, ఈ కర్నూలే. ఆంధ్ర రాష్ట్రమొచ్చిన కొత్త. కట్టడాలు యాడుండాయి, శానా ఆఫీసులు డేరాల్లోనే. మీ తాతకు ఒక డేరాలో గుమాస్తా పని, అదీ టెంపరవరీ. గాలొస్తే కాగితాలు తుంగభద్ర దిక్కు పోతాండె, ఈయన వాటి ఎనకాల ఉరుకుతాండె. ఈ పొద్దు ఏం పని చేస్తివి అంటే, పట్టుకుంటి అంటాండె, అంతే. ఇంగ నూటనలభైమంది ఎమ్మెల్యేలు దిగబడిరి, పండుకునేదానికి తావు లే. మా అత్త రామసుబ్బమ్మ ముందుగది ఖాళీ చేసి, కొత్తకోడలిని నన్నూ, నా ట్రంకుపెట్టెనూ వంటింట్లోకి తోసి, ఆ గదిని ఒక ఎమ్మెల్యేకు ఇచ్చె. వాకిట్లో ముగ్గేసి ఎదురుచూస్తాంటే వచ్చె ఒకాయప్ప. మోకాళ్ల దాకా పంచె, భుజాన కంబళి, చెప్పులు చేతిలో. కొత్తవంట, అరిగిపోతాయంట. మా అత్త, 'మీ ఎమ్మెల్యే ఎప్పుడొస్తాడప్పా?' అనె. 'నేనేనమ్మా' అనె ఆయప్ప. అదే హనుమన్న.

ఆలూరు దిక్కు పల్లె. ఏ పార్టీ కాదు. ఆ పక్కన పెద్దరెడ్లు ఇద్దరు నువ్వు నిలబడితే నేను నిలబడతానని గుద్దులాడుకుని, ఆఖరికి ఇద్దరికీ పనికిరానోడని ఈయన్ను నిలబెట్టిరంట. ఈయన గెలిచి కూసునె. ఇప్పుడు చెప్పబోయేది గమనంలో పెట్టుకో. వాండ్ల ఊరికీ రోడ్డుకూ నడుమ ఒక వంక. వానొస్తే ఊరు ఊరంతా ఆ గట్టున నిలిచిపోవల్ల. ఈయన చెల్లెలు పురిటినొప్పులతో ఆ గట్టునే, మంచం మీద, నీళ్లు ఎప్పుడు తగ్గుతాయా అని చూస్తా చూస్తా పోయిందంట. ఆ మాట నా ఎదురుగా ఒకే తూరి చెప్పినాడు, మల్ల ఎత్తలా. ఊరోళ్లు ఈయన్ను పంపించేటప్పుడు, 'వంక మీద బ్రిడ్జి ఎవరేస్తారో నిదానంగా చూసి వాండ్లకే చెయ్యెత్తు. అందాక ఎవరికీ కట్టుబడొద్దు' అని దేవుని ముందర ప్రమాణం చేయించుకున్నారు.

కట్టుబడకుండా ఉండల్లంటే ఎట్ల? మన సీమలో ఒకని ఉప్పు తింటే వానికి ఎదురు నిలబడరాదు. ఇప్పుడు మీరు హోటళ్లలో తిని నోరు తుడుచుకుని పోతారు గానీ, అప్పట్లో కొట్లాటకు పోయేటోడు ముందు కట్టె ఎతుక్కునేవాడు కాదు, ఎదుటోని ఇంట్లో ఎప్పుడన్నా తింటినా అని గెవనం తెచ్చుకునేవాడు. అందుకని హనుమన్న పెండ్లాం ఈరక్క ఎర్రగుడ్డతో చిన్న మూట కుట్టి, దాన్నిండా వాండ్ల ఊరి ఉప్పు పోసి, మొగుని మొలతాడుకు కట్టి పంపింది. వచ్చిన పొద్దే నాతో, 'అమ్మయ్యా, బువ్వ పెట్టు, పప్పు పెట్టు, ఉప్పు మాత్రం ఎయ్యొద్దు, నాది నేను తెచ్చుకున్నా' అనె. మా అత్తకు తల తిరిగె. వైద్యుడేమన్నా వద్దన్నాడేమో అనుకునె పాపం.

ఇంగ ఆ అసెంబ్లీ సంగతి ఏం చెప్పల్ల. ఈ పార్టీలో ఇంతమంది, ఆ పార్టీలో అంతమంది, పొద్దున ఈడ కాఫీ తాగినోడు సాయంత్రం ఆడ ఉంటాండె. మా అత్త తమ్ముడు నరసన్న గవర్నమెంటు పక్క మనిసి. మినిస్టర్లకు నేనెంత చెబితే అంత అంటాండె, నిజమెంతో ఆ దేవునికి తెలుసు. రోజూ వచ్చి మా వంటింట్లో నేల మీద కందిబ్యాళ్లు ఒక కుప్ప, పెసలు ఒక కుప్ప పోసి లెక్కేస్తాండె. కంది మనోళ్లు, పెసలు వాండ్లు. నడుమ ఒక్కటే చెనిగ్గింజ. అది హనుమన్న. 'అక్కా, ఈ చెనిగ్గింజ నా పానం తీస్తాండాది' అనేవాడు. ఆయన పోయినాక అన్నీ ఊడ్చి పులుసులో ఏసేదాన్ని, గవర్నమెంటు ఎదురుపార్టీ అంతా కలిసి బాగానే ఉడుకుతాండె.

అవిశ్వాసం అని వచ్చె ఆ కార్తీకంలో. గవర్నమెంటు ఉండల్లనా పోవల్లనా అని చెయ్యెత్తేది. చెయ్యే ఎత్తుతారో లేచి నిలబడతారో, నేను చూడలేదులే. ఇంగ చూడు, మా అరుగు మీద రెండు పార్టీలోళ్లూ. 'హనుమన్నా, మా ఇంట్లో భోజనానికి రా.' బ్రిడ్జి ఏస్తామని వీండ్లూ అనిరి, మేమూ ఏస్తామని వాండ్లూ అనిరి. ఎదురుపార్టీ ఆయప్ప మిరపకాయ బజ్జీలు తెస్తే ఈయన వాసన చూసి, శానా బాగుండాయప్పా అని మా అత్త చేతికిచ్చె. నరసన్న తెలివిగా ఓళిగలు తెచ్చె, తీపి కదా, తింటాడులే అని. హనుమన్న ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, 'పిండి తడిపేటప్పుడు ఉప్పు రవ్వంత ఏసింటారు కదా?' అనె. ఆ ఓళిగలు ఎనిమిదీ మీ తాత తినె.

ఓట్ల రోజు పొద్దున నరసన్న ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టె. 'ఇది మా ఇంటి ఉప్పు. ఆయన పప్పులో ఇదే పడల్ల. తిన్నాక నేను ముందుకొచ్చి చెబుతా. నీ మొగుని ఉద్యోగం పర్మనెంటు చేయించేది నా పూచీ' అనె. మా అత్త వాకిలికి అడ్డం నిలబడి, 'ఏస్తావా లేదా?' అనె. ఏమని చెప్పల్ల? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎయ్యకుంటే మా అత్త రుచి చూసి కనిపెడతాది. ఏస్తే, ఊరికి ప్రమాణం చేసొచ్చిన మనిసిని నా చేత్తో కట్టేసినట్టు. నాకు ఆ గట్టు మీద మంచం గెవనానికొచ్చె నాయనా. అత్త అట్ల తిరగంగానే ఆ పొట్లం ఇప్పి బర్రె కుడితిలో కుమ్మరిస్తి. నా ట్రంకుపెట్టెలో మా అమ్మ పంపిన ఉప్పుజాడి ఉండె, దాంట్లోది పిడికెడు తీసి పప్పులో ఏస్తి. మా అత్త వచ్చి రుచి చూసి తలకాయ ఊపె.

హనుమన్న పీట మీద కూసునె. మొదటి ముద్ద నోట్లో పెట్టె, మూట మీదికి పోయిన చెయ్యి ఆడనే ఆగిపోయె. ఉమ్మల్లంటే అన్నం. మింగల్లంటే ఉప్పు. నా దిక్కు చూసె. ఆ చూపు చూస్తే సచ్చిపోదామనిపించె నాకు. మెల్లగా మింగె. అంతే, తలుపు ఎనకాల నుంచి నరసన్న చేతులు చరుచుకుంటా వచ్చె. 'హనుమన్నా, నా ఉప్పు తింటివి. ఇంగ మాకు ఎదురు ఎట్ల పోతావో చూస్తా.' పెండ్లయినాక పెద్దోళ్ల ముందర నేను నోరు తెరిచింది అదే మొదలు. 'కాదు మామా, అది నా పుట్టింటి ఉప్పు. మీది బర్రె తినింది' అంటి. హనుమన్న, 'అయితే నరసన్నా, బర్రెను అసెంబ్లీకి తోలుకుపో, నీకే చెయ్యెత్తుతాది' అనె. మీ తాతకు నవ్వు ఆగలా, పెరట్లోకి పోయి నవ్వొచ్చె.

మల్ల హనుమన్న నా దిక్కు తిరిగి, నవ్వు లేదు ఇప్పుడు, 'చెల్లెలా, ఎట్లయినా నీ ఉప్పు తింటి. నీకు కట్టుబడితి. ఎటు ఎత్తమంటే అటు ఎత్తుతా, చెప్పు' అనె. మా అత్త కండ్లు చూడల్ల నువ్వు. ఒక్క మాట అంటే మీ తాత ఉద్యోగం పర్మనెంటు. నా మాట మీద కూర మారిందీ లేదు ఆ ఇంట్లో, ఇప్పుడు గవర్నమెంటు కాచుకోనుండాది. ఎట్ల తట్టెనో నాకే తెలీదు, చెయ్యి చాపి, 'నీ మూటలోది ఒక చిటికెడు పెట్టన్నా' అంటి. ఆయనకు అర్థమాయె. మూట ఇప్పి నా అరచేతిలో పెట్టె. మట్టి కలిసిన నల్లుప్పు. నాలుక మీద ఏసుకుంటి. 'నీ ఉప్పు నేను తింటి, నా ఉప్పు నువ్వు తింటివి, చెల్లుకు చెల్లు. పో అన్నా, మీ ఊరు చెప్పినట్లు చెయ్యి' అంటి. ఆయన కండ్లు తుడుచుకుని, ఆ పప్పంతా తిని, చెప్పులు చేతిలో పట్టుకుని పోయె.

గవర్నమెంటు పడిపోయె. ఒక్క ఓటు తేడా అనిరి. ఆ ఒక్క ఓటు నాదే అని చెప్పుకున్నోళ్లు కర్నూల్లోనే డెబ్బైమంది. హనుమన్న మాత్రం ఎటు ఎత్తినాడో చెప్పలా, నేను అడగలా. చెల్లు అన్నాక అడిగేదేముండాది? మా అత్త ఒక నెల నాతో మాట్లాడకుండా బర్రెతో మాట్లాడె. మీ తాత ఉద్యోగమా? గవర్నమెంటు పడినా కాగితాలు ఎగురుతానే ఉండె కదప్పా, పట్టుకునేటోడు కావల్ల. అట్ల పట్టుకుంటా పట్టుకుంటానే పెన్షన్ దాకా వచ్చె. రాజధాని హైదరాబాదుకు పాయె, హనుమన్న మల్ల గెలవలా.

ఆయన పోయినాడని మనిసొచ్చి చెప్పినప్పుడు మీ నాయన బడికి పోతాండె. నేనూ మీ తాతా బస్సు దిగి నడిస్తిమి. వంక వచ్చె. బ్రిడ్జి లే నాయనా. చీర ఎత్తి పట్టుకుని తొడల్లోతు నీళ్లలో దాటితి. ఎన్ని గవర్నమెంట్లు మారిపోయె అప్పటికి. దాటుతా దాటుతా ఏడిస్తి, ఆయన కోసమా ఆ వంక కోసమా నాకే తెలీలా. గట్టున ఈరక్క నిలబడి చెయ్యి అందిచ్చె. ఇంటికి పోయినాక తట్టలో బువ్వా పప్పూ పెట్టి, ఆ ఎర్రమూట పక్కన పెట్టి, 'వదినా, నీకు ఉప్పు ఎయ్యలా. ఆయన నేమం తెలుసు కదా' అనె. 'ఏసి పెట్టక్కా, కట్టుబడితే కట్టుబడితి' అంటి.

ఏందిరా అట్ల చూస్తావు, తినకుండా? పప్పు చల్లారిపాయె. ఇంగా కలుపుకోలేదా నువ్వు? ఇటియ్యి ఆ ఉప్పుగిన్నె. నేనే ఏస్తా.