లాసెల్స్ వెనకగది

జమైకా పడమటి కొండల్లో యురయా ఇంటి వరండా. పొద్దెక్కింది. యురయా పెళ్ళాం ఇసిల్డా చేట ఒళ్ళో పెట్టుకుని కందికాయలు ఒలుస్తోంది. కింది మెట్టు మీద కూర్చున్న యురయా ఆమె మోకాళ్ళకేసి చూస్తున్నాడు, తన చేను వదిలేసి పక్కవాడి చేలో కురుస్తున్న వానను చూసినట్టు.

"మళ్ళీ అదే వాసన."

"ఏ వాసన?"

"నీ మోకాళ్ళ వాసన. అది నా సీసా వాసన కాదు."

"మోకాళ్ళకి వాసనేమిటయ్యా? రమ్ములో గంజాయి ఆకు నానేస్తే ఎవరిదైనా ఒకటే వాసన."

"ఒకటేనని నాకు చెప్తున్నావా? కళ్ళకి గంతలు కట్టినా ఏ కొండకి ఏ వైపు పెరిగిన ఆకో చెప్పేవాణ్ణి. ఇది ఆ పక్కింటి లాసెల్స్ ఆకు. వాడి వెనకగదిలో, దీపాల కింద, సిగ్గూ శరమూ లేకుండా పెరిగిన ఆకు."

"మొక్కకి సిగ్గెందుకు?"

"ఎండ మొహం చూడకుండా బలిసినందుకు."

"సరే, అదే. అదే రాసుకున్నాను. నొప్పి దిగింది, మెట్లెక్కుతున్నాను. నీకు సంతోషం లేదా?"

"నా సీసాతో ఎక్కలేదా మెట్లు?"

"ఎక్కాను. మధ్యలో కూచుని."

"మా తాత నాటిన మొక్క సంగతి తెలుసా నీకు? కొస అందక పాస్టరుగారి నిచ్చెన తెచ్చారు. అదీ చాల్లేదు. ఓ మేక కొమ్మ మీదికెక్కి నాలుగాకులు నమిలి, అక్కడే నిద్రపోయి, క్రిస్మస్‌కి దిగింది."

"కిందటిసారి ఈస్టర్‌కి దిగిందన్నావు."

"అది ఇంకో మేక. ఆ మొక్కకి ఎవరైనా దీపం పెట్టారా? నెలవంక చూసి గింజ వెయ్యడం, గుహలోంచి గబ్బిలాల పెంట తట్టలతో మొయ్యడం, మబ్బుకేసి చూసి బతిమాలుకోవడం. అదీ సేద్యమంటే. లాసెల్స్‌ ఏం చేస్తాడు? వెరోనా నడిపే రమ్ము కొట్లో డామినోలాడుతూ ఫోను నొక్కుతాడు, ఆ గదిలో తెల్లారుతుంది. మళ్ళీ నొక్కుతాడు, పొద్దుగూకుతుంది. సూర్యుణ్ణి చెయ్యడానికి దేవుడికే నాలుగో రోజు దాకా పట్టింది. వీడికి బొటనవేలు చాలు."

"పెంట మొయ్యక్కర్లేదు, నడుం పట్టెయ్యదు. తప్పేముంది?"

"మట్టి కూడా లేదటగా. కొబ్బరి పీచులో పెడతాడట. అది మొక్కా, పరుపా?"

"అంత వెటకారం చేసేవాడివి ఓసారి తాగి చూడరాదూ?"

"చూశాను. నీ డబ్బాలోంచి చిటికెడు తీశాను."

"దొంగ మొహమా. ఎలా ఉంది?"

"ఊ."

"ఊ అంటే?"

"దగ్గు రాలేదు."

"అంతేనా?"

"బాగుంది, చాలా? గొంతులోకి తేనె దిగినట్టు దిగింది. అక్కడే నాకు కాలింది. యాభై ఏళ్ళు వంగిన నడుం నాది, ఆ రుచి వాడి పరుపు మొక్కకా? ప్రతి పంటకీ వెరోనా కొట్లో పెద్ద చిలుం వెలిగించేటప్పుడు మొదటి చిటికెడు ఎవరిది?"

"నీది."

"ఈసారి లాసెల్స్‌ది వేద్దామంటున్నారు. నా మొహం మీదే అన్నారు. వాడు నవ్వుతూ కూచున్నాడు, గడ్డం నిమురుకుంటూ."

"ఒక్కసారి ఇంకొకళ్ళది వేస్తే కొండ కూలదు."

"ఇంకొకళ్ళది వెయ్యనీ. వాడిది వద్దు. అది సరేగాని, నువ్వు రోజూ అక్కడికెందుకు వెళ్తున్నావు?"

"ఎక్కడికి?"

"ఎక్కడికంటే. లాసెల్స్ ఇంటికి."

"రేడియో వినడానికి."

"మన రేడియోకేం రోగం?"

"గరగరమంటోంది."

"మొన్న బైబిలు చదవడానికన్నావు."

"రేడియోలోనే బైబిలు చదువుతారు."

"లాసెల్స్ ఇంట్లో బైబిలట. మన పెళ్ళికి చర్చిలోకొచ్చింది కూడా మేక కూర కోసం వాడు. కాదు కాదు, నిన్ను చూడ్డానికి. నన్ను చేసుకోకముందు నీ చుట్టూ తిరగలేదూ?"

"ఆ రోజుల్లో అందరి చుట్టూ తిరిగాడు. మీ అక్క చుట్టూ కూడా."

"మా అక్కని ఇందులోకి లాగకు. వెనకగదిలోకి వెళ్ళి తలుపెందుకు వేసుకుంటారు?"

"వెలుగు లోపలికి రాకూడదని."

"రాకూడదని నీకెలా తెలుసు?"

"చెప్పాడు."

"ఇంకేం చెప్పాడు?"

"కోకో టీలో పంచదార తక్కువైందన్నాడు."

"నువ్వు కాచిస్తున్నావన్నమాట టీ. నాకింకా పొద్దుటి టీ రాలేదు ఈ కొంపలో. వేళ్ళకి ఆ బంకేమిటి?"

"మామిడి సొన."

"ఈ నెలలో మామిడెక్కడిదే?"

"నన్ను నిలదీసింది చాలుగాని, నువ్వు చెప్పు. తెల్లారకముందు ఎక్కడికెళ్ళావు?"

"పందులకి మేత వెయ్యడానికి."

"పందులు ఆకలికి దొడ్డి పీకేస్తున్నాయి. చొక్కా నిండా ఆ పసుప్పచ్చ పొడేమిటి?"

"దుమ్ము."

"దుమ్ము పసుప్పచ్చగా ఉంటుందా?"

"మన దుమ్ము అంతే."

"యురయా."

"పోతు మొక్క పుప్పొడి. సరేనా?"

"పోతు మొక్కలన్నీ ముందే పీకేశానన్నావు కదా?"

"ఒకటి ఉంచాను. దొడ్డి వెనక."

"ఎందుకు?"

"లాసెల్స్ గదికి గాలి లాక్కునే ఫ్యానుంది చూడు, బయటి గోడకి. బ్రహ్మాండంగా లాగుతుంది. ఒప్పుకోవాలి, మంచి ఫ్యాను."

"ఏం చేశావు?"

"కొమ్మ దాని ముందు పెట్టి దులిపాను."

"ఎంతసేపు?"

"తీరిగ్గా. పొడి తగిలిన ఆడ మొక్క ఏం చేస్తుంది? పూత బలం వదిలేసి గింజ కట్టుకుంటుంది. ఇక చిలుంలో వెయ్యనీ వాడి ఆకు. గింజలు పటపట పేలి ఒక్కొక్కడి గడ్డం అంటుకోవాలి. ముందు వాడిదే."

"అన్ని మొక్కలకీ తగిలుంటుందా?"

"ఒక్కటీ మిగలదు."

"గోడవారగా ఉన్నదానిక్కూడా?"

"గోడవారగా ఏముందో నాకేం తెలుసు? వాడి ఇల్లు, వాడి గోడ. ఏమిటే, కందికాయలు కింద పోస్తున్నావు?"

"చెయ్యి జారింది."

"కళ్ళెందుకు తుడుచుకుంటున్నావు?"

"నలక."

"నిరుడు గొంగళిపురుగులు నా తోటంతా మేసేసి పోతే, పోనీలే అని అటు తిరిగి పడుకున్నావు. ఇవాళ వాడి మొక్కలకి కన్నీళ్ళు. అయితే నేననుకున్నదే. చెప్పు, నా మొహం చూసి చెప్పు. ఈ వయసులో లాసెల్స్‌లో ఏం కనిపించింది నీకు?"

"నేనొకటడుగుతాను. పెళ్ళైన కొత్తలో, నీ తోటలో ఒక్క మొక్క నాటుకుంటానని అడిగాను. ఏమన్నావు?"

"అదిప్పుడెందుకు?"

"ఏమన్నావు?"

"ఆడది కంచె దాటితే గంజాయి చేదెక్కుతుందన్నాను. నా సొంత మాటా అది? మా నాన్న మాట, మా తాత మాట. ఈ కొండమీద ఎవణ్ణడిగినా అదే చెప్తాడు."

"మరుసటేడు అడిగాను. ఆ పై ఏడూ అడిగాను."

"ఎన్నిసార్లడిగినా మాట మారుతుందా?"

"ఇంటికి అయిదు మొక్కలు పెంచుకోవచ్చని చట్టమొచ్చింది. అప్పుడు?"

"అయిదూ నావే అన్నాను. మొక్క నాటిన చెయ్యి నాది కాబట్టి. ఇదంతా ఎక్కడికి తీసుకుపోతున్నావే? నేనడిగింది లాసెల్స్ గురించి."

"అతనికి ఆ ఆకంటేనే తుమ్ములు. గదీ దీపాలూ అతని కొడుకు పెట్టి వదిలేసి పోయినవి. ఎవరికీ చెప్పొద్దని బతిమాలితే ఒప్పుకున్నాడు, నా కోసం ఫోను నొక్కుతున్నాడు, పేరు తను మోస్తున్నాడు."

"ఏం చెప్పొద్దని? ఎవరు బతిమాలారు?"

"నిరుటి నుంచీ నేను వెళ్తున్నది లాసెల్స్ దగ్గరికి కాదు యురయా, నా మొక్కల దగ్గరికి."