మందు పేరుకు తోక

"జనార్దనన్నా! ఓ జనార్దనన్నా! నీ తోకల ముచ్చట జెప్పరాదే, చాయ్ నేను తాపిస్త!"

పిలిచింది వేములపల్లి సెంటర్‌లో టీకొట్టు నడిపే సరోజన. పురుగుమందుల షాపులో డబ్బాలు సర్దే జనార్దన్‌కు అంతకంటే ఏం కావాలి? బెంచీ ఎక్కి కాలు మీద కాలేసుకున్నాడు. ఓ మూల కిరణ్ ముడుచుకుని కూర్చున్నాడు. మొన్నమొన్నటి దాకా ఈ ముచ్చట్లు నోరు తెరుచుకుని వినేవాడు. మందుల పేర్లు వాడికి పాటల్లా వినిపించేవి.

"మందు పేరు చివర తోక ఉంటదిరా. రెండే సరుకులు కలిస్తే ఐడ్. దాంట్ల ఆక్సిజన్ జర చేరితే ఐట్, దండిగ చేరితే ఏట్. ఎన్నడో ఫ్రాన్స్ దేశపోళ్లు పెట్టిన్రు. ఆక్సిజన్ అంటే ఏంది? ఊపిరి! ఏట్ ఉంటే కండ్లు మూసుకొని కొట్టు, పైరుకు పానమొస్తది. మూత తియ్యకుండనే వాసన వట్టి తోక జెప్తే కంపెనీ సారు పరేషానయిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మఠంపల్లికి తోల్కపోయిండు. గాడ సున్నపురాయంత కార్బొనేట్ గదా, గుట్ట పక్కన నిలవడి దాని ఏట్ పీకిన. బుస్సుమని ఊపిరి లేసి, గుట్ట పతంగి లెక్క కోదాడ మీదికెళ్లి పోయింది! సూర్యాపేట దాక ఉరికి గుంజుకొచ్చిన."

"తాడుతోనా అన్నా?"

"నోటితోని చెల్లె! 'ఏట్' అని ఒక్కటే కేక, దిగింది. ఇగ తోకలన్ని మీరే పెట్టుండ్రి సారూ అని ఫ్రాన్స్ నుంచి ఫోను. అదే కేక ఎండిన వరి ముంగట ఏస్తే, పొద్దుగూకేసరికి పొట్టకొచ్చింది!"

"గట్లైతే దీప్లా మడిని గూడ లేపు," అన్నాడు తిరుపతి. అందరూ నవ్వుతున్నా అతను నవ్వలేదు. దీప్లా కిరణ్ తండ్రి. పక్క మడి తిరుపతిది. "మొత్తం మాడిపోయింది. పగవట్టి నేనే గడ్డిమందు కొట్టిన్నంట. రేపు తండా పెద్దల ముంగట బిడ్డ తల మీద చెయ్యివెట్టి ప్రమాణం జెయ్యాలంట."

తిరుపతి బిడ్డంటే పూజ. పూలతో తప్ప కిరణ్ ఎన్నడూ ఊహించుకోని తల అది.

"ఏం మందు?" అన్నాడు జనార్దన్.

"గ్లైఫోసేట్ అంటున్నరు."

జనార్దన్ చేతిలో గ్లాసు ఆగింది. "అది... తోకైతే ఏటే గని..."

"మరి పానం రావాలె గదనే!" అంది సరోజన. బెంచీలు ఘొల్లుమన్నాయి. జనార్దన్ చెప్పులు వెతుక్కున్నాడు.

కిరణ్ లేచాడు.

"తిరుపతి మామా, పూజ తల మీద చెయ్యివెట్టకు. జింక్ సల్ఫేట్ కొట్టుమన్నడు మా నాయిన. ఆ మందు ఇంట్ల లేకుండె. గట్ల మీది గడ్డికని తెచ్చిన డబ్బా మీద పేరు చివర ఏట్ కనవడ్డది... జనార్దనన్న మాట నమ్మిన. మా మడిని నేనే సంపిన."