పేటలో ఆడని రీలు

ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇళ్లు చేరారు. 2002, మే నెల. జగ్గయ్యపేటలో టీచరు జాయిస్ వంటింటి గడప మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. నందిగామ నుంచి పొద్దున్నే దిగిన ఆమె అన్న జయరాజ్‌కి కాలు నిలవడం లేదు. మూడింటికి టీవీలో ఆ సినిమా మొదలయ్యేలోపు చెల్లెల్ని ఎలాగైనా ఇల్లు దాటించాలి.

"ఇప్పటికిప్పుడు చెవిటికల్లు ఎందుకు అన్నయ్యా?"

"పిన్నికి ఒంట్లో బాగాలేదంట."

"పొద్దున ఫోన్లో మాట్లాడా. ఆవకాయకి ముక్కలు కొట్టిస్తోంది."

"ముక్కలు కొట్టించినంత మాత్రాన బాగున్నట్టేనా? ఒకసారి చూసినట్టుంటుంది, లే."

"సినిమా చూసి వెళ్దాం."

"ఏం సినిమా?"

"తెలియనట్టు. 'ఆరో తీగ'. వారం నుంచీ టీవీలో ప్రకటన చూపిస్తున్నాడుగా."

"అదా. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. మన ఎండల్లో ఆ హీరో తోలు కోటేసుకుని గిటారు పట్టుకుంటాడు. వేళ్లు కదలవు, పాట మాత్రం వస్తా ఉంటుంది."

"మీ బావ కూడా అదే అనేవాడు. ఆ వేళ్లు చూడు జాయిస్, తీగలు నొక్కుతున్నాడా, గోక్కుంటున్నాడా అని. అంటానే మళ్లీ టికెట్టు తెచ్చేవాడు."

"ప్రేమదాసు సంగతి వేరు. ఆ సినిమా చూసే కదా గిటారు కొన్నాడు."

"చూసే కొన్నాడు. చూసే ఉద్యోగం మానేశాడు. చూసే ఆర్కెస్ట్రా వాళ్లతో మద్రాసు పోయాడు."

"పాటల్ని మాత్రం ఏమీ అనకూడదు. రైలు పాటకి నందిగామలో తెర మీదకి చిల్లర విసిరారు."

"పాటలు సరే. ఆ హీరోయిన్ పిల్ల సంగతి చెప్పు. సినిమా మొత్తంలో ఆ పిల్ల చేసిన పనేంటి? పొద్దున్నే స్టేషన్‌కి పోయి నిలబడ్డం. బడికి పోదు, కూలికి పోదు. మరి పూటకో చీర ఎవరు కొనిచ్చారు?"

"సినిమా కదమ్మా."

"సినిమానే. నేనే తిక్కదాన్ని, చూసొచ్చి ఆ పిల్లలాగే జడేసుకున్నా."

"అందుకే వద్దంటున్నా. రెండున్నరకి బస్సుంది."

"పోనీ చివరొక్కటీ చూస్తా. రైలొస్తుంది, పొగ, ఆ పిల్ల పరిగెత్తుతుంది. అంతే, లైట్లేసేశారు. శుభం కూడా పడలా. అయినా హాలంతా చప్పట్లే."

"జాయిస్."

"ఏంటి?"

"ఏం లేదు. ఆ కాయ పుచ్చినట్టుంది, చూడు."

"చూశా. నీ మొహమేంటి అట్లా ఉంది?"

"అది చివర కాదు."

"ఏది?"

"మీరు పేటలో చూసింది. ప్రింటు ఒకటే, హాళ్లు రెండు. నందిగామలో వేసిన రీలు వేసినట్టు డబ్బాలో పెట్టి బస్సెక్కిస్తే, ఇక్కడ వేసేవాళ్లు. మొదటి రోజు ఆఖరి రీలు తెచ్చే బస్సు చిల్లకల్లు దగ్గర ఆగిపోయింది."

"ఆగిపోతే?"

"చేసేదేముంది, ఉన్నంతవరకు వేసి లైట్లేశారు. జనం చప్పట్లు కొట్టి పోయారు. మర్నాడు రీలొచ్చింది. ఇక్కడి హాలు మేనేజరు కృపారావు వద్దన్నాడంట. జనం నవ్వుతా పోతున్నారు, దాన్ని డబ్బాలోనే ఉంచండి అన్నాడంట. ఆడినన్నాళ్లూ పేటలో ఆ రీలు వెయ్యలేదు."

"అందులో ఏముంది?"

"ఏదో ఉంది. సాగదీశారు. నాకు గుర్తులేదు."

"తోలు కోటు గుర్తుంది. చిల్లర గుర్తుంది. అది గుర్తులేదు."

"ఎప్పటి మాట అది. లే, బస్సు పోతుంది."

"రైల్లోంచి అతను దిగడు. అంతేగా?"

"కాయలు ఇటివ్వు, నేను తుంచుతా."

"దిగడా?"

"గిటారు దిగుద్ది. కూలీ తెచ్చి ఆ పిల్ల చేతిలో పెడతాడు. చాలా? ఎవడో కథ రాసేవాడు రాశాడు. దానికీ ప్రేమదాసుకీ సంబంధం లేదు. అతను ఎక్కడో..."

"ఎక్కడో?"

"ఎక్కడో వాయించుకుంటా ఉంటాడు. మద్రాసు ఏమన్నా చిన్న ఊరా. రేపైనా రావచ్చు. ఆ రీలు చూసి నువ్వు ఆశ వదులుకుంటావేమోనని నా భయం. నువ్వు ఏడిస్తే నేను చూడలేను."

"ఏడుపొస్తుందేమో చూద్దామనే అన్నయ్యా. ఎప్పుడు ఆగిందో తెలియదు. పాట విన్నా రావట్లా, అతని చొక్కా మడతపెట్టినా రావట్లా. పిల్లలకి పాఠం చెప్తున్నా, వండుకుంటున్నా, తింటున్నా. ఏమీ అనిపించదు."

"అట్లా అనకు. వస్తాడు."

"నెల్లూరు దగ్గర వాళ్ల బస్సు బోల్తా పడిందని, ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించేతను నీకు చెప్పడానికి నందిగామ వచ్చాడు కదా."

"నీకెవరు చెప్పారు?"

"నీ దగ్గర్నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాడు."

"అప్పుడు నీకు ఆపరేషనై కుట్లు కూడా ఆరలేదు. కోలుకున్నాక చెబుదామనుకున్నా. తర్వాత... తర్వాత నోరు రాలేదమ్మా. నీకు తెలుసని నాకేం తెలుసు?"

"నువ్వు చెప్తావని చూశా."

"ఒక్క మాట అనలేదు నువ్వు. ఇన్నేళ్లూ నాకెట్లా తెలుస్తుంది?"

"ఏటా సమాధుల పండక్కి నా పక్కనే నిలబడతావు. నాన్న సమాధి మీద నేను రెండు కొవ్వొత్తులు వెలిగిస్తా. రెండోది ఎవరికని ఒక్కసారీ అడగలా నువ్వు."