ఎయిర్ గన్‌కి కొత్త నాజిల్

వర్క్‌షాపులో భోజనాల గంట కొట్టారు. డ్రిల్లింగ్ మెషిన్ నడిపే అతని దగ్గరికి, అతని వెనక బల్ల దగ్గర సరుకు తనిఖీ చేసే ఆవిడ వచ్చింది.

“ఏంటి తమ్ముడూ, ఈ వారమంతా అరగంట ముందే వస్తున్నావట? వాచ్‌మన్ చెప్పాడు.”

“ఊరికేలే అక్కా, ఇంట్లో తోచక.”

“నా దగ్గరా నీ కబుర్లు? రజను ఊదే ఎయిర్ గన్‌కి నాజిల్ మార్చావు కదూ?”

“మార్చాను. పాతది రయ్యిమన్నప్పుడల్లా నువ్వు చెవులు మూసుకునేదానివి. చూడలేకపోయాను.”

“ఇంటికెళ్లినా చెవుల్లో అదే మోత ఉండేది. ఇప్పుడు లేదు. మరి దీంతో ఇనుప రజను పోతోందా?”

“చప్పుడుతో పాటు జోరూ తగ్గింది. లోతు బెజ్జాల్లోది కదలదు, ముందురోజు సరుకుని పొద్దున్నే బ్రష్షు పెట్టి గీకాలి. ఆ అరగంట అందుకే.”

“ఆ బ్రష్షు ఇలా ఇచ్చెయ్. ఎలాగూ ప్రతి బెజ్జమూ నేను చూడాల్సిందే. రేపట్నించి అందరితో పాటే రా.”

“నీకెందుకక్కా శ్రమ?”

“శ్రమా? ఆరేళ్లుగా నీ వెనకే కూర్చున్నాను. పని చేస్తూ నువ్వు కూనిరాగాలు తీస్తావని ఈ వారమే తెలిసింది.”

“అయ్యో, వినపడుతోందా! ఎలా ఉంది?”

“ఘోరంగా ఉంది. ఆపావంటే మాత్రం ఊరుకోను.”