పైనున్న కన్ను

కల్హేర్ దారిలోని అడవి నడుమ పన్నెండెకరాల చెట్లు మూడేళ్ల కిందటే మాయమయ్యాయని ఉపగ్రహం తీసిన ఫొటోల్లో చూసి అటవీశాఖ బీట్ ఆఫీసర్ సలోమి అదిరిపడింది. ఆ అడవి కాపలాదారు, తనకు పని నేర్పిన బండెప్ప ఎదురుగానే ఉన్నాడు.

"కాకా, ఏంది గిది? ఇన్నేండ్లు మేం చూసిన వానాకాలం ఫొటోలన్నీ పచ్చగున్నయి. జనవరిల మాత్రం నడుమ నేల బోడిగుంది."

"ఆకులు రాలినయేమో బిడ్డా."

"చుట్టూ చెట్లకు రాలలే. గీత గీసినట్టు గాడనే రాలినయా?"

"నీ మిషిన్‌కు కండ్లు మసకైనయేమో!"

"నవ్వకు కాకా. అది కందిచేను. జనవరికి కోసిండ్రు. నీ మాట నమ్మి, అడవి మంచిగుందని మూడేండ్లు నేనే సంతకం పెట్టిన. ఇగ నా నౌకరి పోతది."

సలోమికి ఏదో గుర్తొచ్చింది.

"నీకు గుంట భూమి లేదు. మరి ఏటా నాకు తెచ్చిన కందికాయలు యాడివి?"

"గా చేన్లవే బిడ్డా. పైనున్న కన్నుకు పచ్చగ కనబడితే చాలని నువ్వే చెప్పినవ్. ఎండకాలం చెట్లు కొట్టింది నేనే, వానలకు కంది పెట్టింది నేనే. తొలి కాయలు మాత్రం ఏటా నీకే తెచ్చిన."