ఎవరు గెలిచినా కార్యదర్శి

రంగూన్, 1926. శనివారం సాయంత్రం. మేడమీద రెండు గదుల కొత్త కాపురం. పొయ్యి దగ్గర రాజ్యం. అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఆమె భర్త కన్నారావు.

“ఎవరు గెలిచినా కార్యదర్శిని నేనే, రాజ్యం. విన్నావా? ఎవరు గెలిచినా.”

“ముందు చెప్పులు విప్పండి. ఏ కార్యదర్శి?”

“మన సంఘానికే. తామ్వేలో మన కూలీల సంఘానికి. రేపు అధ్యక్షుడి ఎన్నిక కదా. ఇవాళ ఆఫీసు మెట్ల మీద ప్లీడరు శంకరరావుగారు ఆపి, ‘నేను నెగ్గితే కార్యదర్శివి నువ్వే’ అన్నారు. రేవు దాటి వస్తున్నానో లేదో, దండాసి మేస్త్రి. ఆయనదీ అదే మాట.”

“ఇద్దరూనా?”

“ఇద్దరూ. ఒకరి నీడ ఒకరు తొక్కరు, నా దగ్గరికొచ్చేసరికి ఏకమైపోయారు. ఇదిగో పొట్లం. జిలేబీ, ఇంకా వేడిగా ఉంది.”

“చేతులనిండా పిండి. మీరే నోట్లో పెట్టండి. ఊఁ. ఇంకో ముక్క. పాకం గడ్డానికి కారుతోంది, తుడవండి. కాదు, ఉత్తరీయంతో తుడవకండి, రేపు సభకి అదే వేసుకోవాలి.”

“నవ్వకు, అంటుకుంటోంది.”

“నవ్వనివ్వండి. వానలు మొదలయ్యాక పెళ్ళి, వానలు వెలవకముందే మొగుడు కార్యదర్శి. ఇంతకీ కార్యదర్శి ఏటి చేస్తాడు?”

“ఉత్తరాలు రాస్తాడు. సభలు పిలుస్తాడు. అధ్యక్షుడు అనుకున్నది జరిపిస్తాడు.”

“ఏ అధ్యక్షుడు అనుకున్నది?”

“ఎవరైతేనేం. ఇద్దరూ మార్పు తెస్తామనే అంటున్నారు. గోడలమీద కాగితాలు చూళ్ళేదూ? ఇటు మార్పు, అటు మార్పు.”

“చూశాను. అందుకే అడుగుతున్నాను. ఒకటే మార్పుకి ఇద్దరెందుకు కొట్టుకోవడం?”

“ఒకటే కాదులే. శంకరరావుగారిది చదువుకున్నవాళ్ళ మార్పు. ఇన్నాళ్ళూ మేస్త్రి చెయ్యెత్తితే ముఠా అంతా ఎత్తినట్టు రాసుకున్నారు కదా, అది పోవాలంటారు. మనిషికో చెయ్యి. సర్కారు కౌన్సిల్లో మనవాడొకడు కూర్చోవాలి. కూలీవాళ్ళకి పత్రికలు చదివి వినిపించడానికి ఒక గది ఉండాలి.”

“బాగానే ఉంది. దండాసి మేస్త్రిది?”

“ఆయన భాష నీకు తెలుసు కదా. ‘పిలీడర్లు కుర్సీల్లో కూకుంటే కూలోడి నడుం వాలుద్దేటి’ అంటాడు. ఓడ దిగిన కుర్రాడు మొదటి వారం ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నాడు. వాడికి సంఘం ఇంట్లో చాప వెయ్యాలి. అదే మార్పు అంటాడు.”

“అదీ మంచి మాటే. వానలో తడిసి ఎంతమంది జ్వరాలు తెచ్చుకుంటున్నారో.”

“చూశావా. అందుకే ఎవరు గెలిచినా మనకి సంతోషమే. పిండి ఎండిపోతుంది, గారెలు వెయ్యి.”

“వేస్తాను. ఆ పత్రికల గది ఎక్కడ?”

“సంఘం ఇంట్లోనే.”

“మేస్త్రి చాపలు?”

“అవీ అక్కడే. ఇంకెక్కడ. నూనె కాగినట్టుంది చూడు.”

“కాగనివ్వండి. సంఘం ఇంట్లో ఉన్నవి రెండే గదులు కదండీ. ముందు సభ జరిగే గది.”

“రాజ్యం.”

“వెనక మా అమ్మ గది.”

“జిలేబీ ఇంకోటి తిను.”

“వద్దు. సభ గదిలో పత్రికలు చదువుతారా?”

“సభ గదిలో సభలు జరగాలి కదా.”

“అయితే అమ్మ గదిలో.”

“అది మీ అమ్మ గది అని ఎక్కడుంది? సంఘం గది. మీ నాన్న కాపలా ఉన్నాడు కాబట్టి ఇచ్చారు.”

“నాన్న పోయాక అమ్మని ఉండమన్నది ఎవరు? ఈ సంఘమే కదా. జ్వరం వచ్చిన కూలీని ముఠావాళ్ళు మోసుకొచ్చి పడేస్తే గంజి కాచి పోసేది ఎవరు? వసారాలో ఆ చాపలు ఎవరివి?”

“ఎవరు కాదన్నారు? మా అత్తగారి చేతి చలవ నాకు తెలియదా?”

“తెలిసే అంటున్నారా? ఆ చాపలమీదవాళ్ళు ఎక్కడికి పోవాలట?”

“ఆస్పత్రికి పంపుతారట.”

“ఇద్దరూ అదే అన్నారా?”

“ఇంచుమించు.”

“అంటే, ఒకరు గెలిస్తే అమ్మ గదిలో కుర్చీలు, ఒకరు గెలిస్తే చాపలు. ఈ ఊళ్ళో గోడలు నింపేసిన మార్పు ఇదా?”

“గొంతు తగ్గించు. కింద అందరూ తెలుగువాళ్ళే.”

“విననివ్వండి.”

“అది కాదు రాజ్యం. పెద్ద మార్పు వచ్చేటప్పుడు ఎక్కడో చిన్న ఇబ్బంది—”

“చిన్న ఇబ్బందికి పేరుంది. మ్యా మ్యా, మా అమ్మ. మీ కాళ్ళు కడిగి పిల్లనిచ్చింది.”

“ఆవిడ రోడ్డున పడుతుందన్నానా? ఇక్కడికి తెచ్చుకుందాం. ఆ కిటికీ దగ్గర మంచం వేస్తాను. నాకు బరువా?”

“అమ్మ వసారాలో కాలు నుజ్జయి పడున్న కూలీ బుల్లియ్యకి ఏ కిటికీ దగ్గర వేస్తారు?”

“ప్రతిదానికీ ఒక మెలిక.”

“నేను పెట్టానా మెలిక? సరే, ఒకటి చెప్పండి. ప్లీడరుగారికి ఆఫీసులో ఎంతమంది ఇంగ్లీషు రాసేవాళ్ళున్నారు?”

“ఉన్నారు.”

“మేస్త్రికి సొంత మనుషులు లేరా?”

“లేకేం.”

“మరి ఇద్దరూ మిమ్మల్నే ఎందుకు ఏరుకున్నారు?”

“కాలేజీ చదివాను. అందరితో మంచిగా ఉంటాను.”

“ఇంకా?”

“ఇంకేటి?”

“నా మొహం చూసి చెప్పండి. ఇంకా ఏం అన్నారు?”

“... శంకరరావుగారు అన్నారు. బర్మా ఆవిడని పోలీసుల్ని పెట్టి పంపిస్తే వీధిలో వాళ్ళవాళ్ళు ఊరుకోరు. అల్లుడు మెల్లిగా చెప్తే మాట గడప దాటదు అన్నారు.”

“మేస్త్రి?”

“ఆయన ఇంకాస్త మోటుగా అన్నాడు.”

“అంటే మీ ఇంగ్లీషుకి కాదు. మా అమ్మని వెళ్ళగొట్టడానికి ఇస్తున్నారు ఆ పని.”

“వెళ్ళగొట్టడం అనకు.”

“మీరు ఏటన్నారు?”

“ఏమీ అన్లేదు.”

“ఏమీ అనకపోతే కార్యదర్శి ఎలా అయ్యారు?”

“తల ఊపాను.”

“శంకరరావుగారికి.”

“ఊఁ.”

“దండాసి మేస్త్రికి?”

“... ఆయనకీ.”

“ఇద్దరికీ తల ఊపి, దారిలో జిలేబీ కొన్నారు.”

“నువ్వు సంతోషిస్తావనుకున్నాను. నిజంగా. నీ పేరు చెప్పుకుని నీ స్నేహితురాళ్ళు... మూకుడు దించు, మాడు వాసన.”

“మాడనివ్వండి. అసలు అమ్మని ఎందుకు పొమ్మంటున్నారు? గదులు కట్టుకోడానికి వెనక ఖాళీ జాగా లేదా? నా చిన్నప్పట్నుంచీ అక్కడ గడ్డి పెరుగుతూనే ఉంది.”

“కట్టుకోవచ్చు. అయితే... తెలుగువాళ్ళ సంఘంలో తెలుగువాళ్ళే ఉండాలని ఇప్పుడు ఒక ఊపు వచ్చింది. ఆ మాటంటే చప్పట్లు పడుతున్నాయి. ఇద్దరికీ చప్పట్లు కావాలి.”

“నేనెవర్ని?”

“నువ్వు వేరు.”

“ఎలా వేరు?”

“నువ్వు అచ్చన్నగారి కూతురివి. నీ మాట, నీ చీర—”

“అమ్మ మాట వినలేదా మీరు? ఆవిడకి తెలుగులో మొదట వచ్చిన మాట దాహం. తర్వాత ఒళ్ళు మంట. తర్వాత అమ్మా. నాన్న గేటు దగ్గర కాపలాలో ఉంటే ఇంకెవరు నేర్పుతారు? జ్వరంలో పలవరించినవాళ్ళే నేర్పారు. కళింగపట్నం ఎప్పుడూ చూడలేదు, అక్కడ ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్తుంది. వాళ్ళు చచ్చిపోతూ చెప్పినవి. ఏ సంఘంవాడికి అంత తెలుగొచ్చు?”

“నాకు తెలుసు.”

“మీకు తెలుసు కాబట్టే నాకు ఒళ్ళు మండుతోంది. ప్లీడరుకి తెలీదు, మన్నించొచ్చు. మొన్న మీకు జ్వరం వస్తే బర్మావాళ్ళ తనకా చెక్క అరగదీసి చలవకి నుదుటికి రాసింది ఎవరు? కళ్ళు తెరవకుండా గంధం అనుకుని దణ్ణం పెట్టారు. ఆవిడ ఎంత నవ్విందో.”

“రాజ్యం, నేను ఒప్పుకోకపోతే ఇంకెవరో ఒప్పుకుంటారు. వాళ్ళు సామాన్లు వీధిలో పడేస్తారు. నేనైతే మర్యాదగా—”

“మర్యాదగా వెళ్ళగొడతారు.”

“నా చేతిలో ఉంటే నాలుగు రోజులు ఆలస్యం చేయిస్తాను. ఆలోచించు.”

“ఆలోచించాను. ఇందాకట్నుంచీ అదే పని. ఇద్దరి మార్పులూ పక్కపక్కన పెట్టి చూశాను. కౌన్సిలు మంచిదే. మనిషికో చెయ్యి మంచిదే. ఓడ దిగినవాడికి చాప ఇంకా మంచిది. ఇద్దర్లో ఒక్కడు కూడా తన గది మార్చుకోవట్లేదు. మార్పు మొత్తం మా అమ్మే మొయ్యాలి. ఇద్దరికీ మోతగాడు మీరు.”

“అలా అనకు. ఏం చెయ్యమంటావో చెప్పు.”

“మీకేం చెప్పను. మీరు తల ఊపేశారు.”

“ఎక్కడికి? ఆ సంచీ ఎందుకు?”

“సర్దుకుంటున్నాను. రేపు తెల్లారగానే తామ్వే వెళ్తున్నాను.”

“అత్తగారికి చెప్పడానికా? అదే మంచిది. నువ్వు నెమ్మదిగా చెప్తే ఆవిడ—”

“చెప్పడానికి కాదు. ఉండడానికి. అమ్మ పక్కన చాప వేసుకుంటాను, బుల్లియ్యకి నేనే గంజి పోస్తాను. సభ అయిపోయాక, ఎవరు గెలిచినా సరే, కార్యదర్శిగారు వచ్చి గది ఖాళీ చేయించండి. మొదట నన్ను బయటికి పంపాలి.”